కరెంటు ఎవరిది, కాగితం ఎవరిది: ఉత్తర తెలంగాణ సౌర విద్యుత్తులో ఆదివాసీ మహిళలు

భూగర్భ బొగ్గు గనిలో మహిళ పని చేయకూడదని 1952 నాటి గనుల చట్టం 46వ సెక్షన్ చెప్పింది. ఆ నిషేధం 2019 ఫిబ్రవరి దాకా నడిచింది. తర్వాత సడలించారు కానీ, పొద్దున 6 నుంచి సాయంత్రం 7 లోపే దిగాలి, టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజ్‌మెంట్ పనులకే దిగాలి, అదీ ఆమె రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే అన్న షరతులు అప్పుడు పెట్టారు. ఇల్లెందులో 1889లో మొదలైన బొగ్గు తవ్వకం గోదావరి వెంబడి మణుగూరు, భూపాలపల్లి, రామగుండం, మందమర్రి, బెల్లంపల్లి దాకా పాకింది. ఈ దారి పొడవునా కోయ, గోండు, కోలాం, నాయకపోడు గూడేలున్నాయి. ఇళ్లూ పొలాలూ అడవీ పోయినచోట మగవాళ్లలో కొందరికైనా కాలరీలో నౌకరీ దొరికింది. ఆడవాళ్లకు గని తలుపు చట్టమే మూసేసింది. గని వచ్చాక వాళ్లకు మిగిలింది దుమ్ము, లారీల మోత, దూరమైపోయిన ఇప్పచెట్లు.

సౌర విద్యుత్తుకు అలాంటి చట్టం ఏదీ లేదు. ప్యానెల్ బిగించడానికి, ఇన్వర్టర్ నడపడానికి, ప్లాంటు సొంతం చేసుకోవడానికి ఆడా మగా తేడా ఎక్కడా రాసి లేదు. అందుకే ఈ రంగం మొదలవుతున్న ఈ నాలుగైదేళ్లు ఆదివాసీ మహిళకు చాలా విలువైనవి. బొగ్గు విషయంలో నూరేళ్ల కింద జరిగిన పంపకాన్ని ఇప్పుడెవరూ మార్చలేరు. సోలార్ పంపకం ఇంకా జరుగుతూనే ఉంది.

తెలంగాణ ప్రభుత్వం 2025 జనవరిలో క్లీన్ అండ్ గ్రీన్ ఎనర్జీ పాలసీ తెచ్చింది. 2030 నాటికి అదనంగా 20 వేల మెగావాట్ల పునరుత్పాదక విద్యుత్తు సాధించాలన్నది లక్ష్యం. మహిళా సంఘాలు 1,000 మెగావాట్ల సోలార్ ప్లాంట్లు పెట్టేలా చూస్తామని కూడా ప్రకటించింది. ఈ సంఘాలను నడిపించే గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్ ఉన్న గ్రామీణాభివృద్ధి శాఖకు 2023 డిసెంబర్ నుంచి మంత్రి సీతక్క, ములుగు కోయ ఆడబిడ్డ. ఉత్తర తెలంగాణ జిల్లాలకు కరెంటిచ్చే డిస్కం ఎన్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం హనుమకొండలో ఉంది. ఏజెన్సీ గూడెంలో తయారయ్యే సౌర విద్యుత్తును చివరికి కొనాల్సింది కూడా ఆ సంస్థే. అంటే రాజకీయంగానూ భౌగోళికంగానూ ఈ వ్యవహారమంతా వరంగల్, ములుగు, ఉట్నూరు, భద్రాచలం మధ్యే తిరుగుతుంది.

ఇంతకీ నాయకత్వం అంటే ఏమిటి? ప్రారంభోత్సవంలో రిబ్బన్ కత్తిరించడమా, ఫొటోలో మధ్యన నిలబడటమా? సోలార్‌లో దీన్ని కొలవడం తేలిక. ప్రతి ప్లాంటు వెనకా నాలుగు కాగితాలుంటాయి: భూమి పట్టా, బ్యాంకు లోన్ పత్రం, డిస్కంతో పాతికేళ్ల విద్యుత్ కొనుగోలు ఒప్పందం, నిర్వహణ కాంట్రాక్టు. ఏ కాగితం మీద ఎవరి పేరుందో చూస్తే చాలు, నాయకత్వం ఎవరిదో తెలిసిపోతుంది. మూడు కాగితాలు కంపెనీ పేరు మీదుండి, మహిళలకు ప్యానెళ్లు కడిగే పని మాత్రం దొరికితే దానికి నాయకత్వం అన్న పేరు పెట్టడం అన్యాయం. అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ ఐరెనా 2019లో ఇచ్చిన లెక్క ఇదే చెబుతుంది. ప్రపంచవ్యాప్తంగా ఈ రంగంలో మహిళలు 32 శాతం. చమురు, గ్యాస్ రంగంలోని 22 శాతంతో పోలిస్తే మేలే. కానీ విడదీసి చూస్తే ఆఫీసు పనుల్లో 45 శాతం ఉన్న మహిళలు ఇంజనీరింగ్, టెక్నికల్ పనులకు వచ్చేసరికి 28 శాతానికి పడిపోతారు.

మొదటి కాగితం భూమిది. ఆదివాసీ ప్రాంతంలో కథ మిగతా తెలంగాణకు పూర్తిగా భిన్నంగా ఉండేది ఇక్కడే. జనం నోట్లో 1/70గా నానిన భూ బదలాయింపు చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకూడదు. అమ్మకమే కాదు, లీజు కూడా బదలాయింపే. అంటే బయటి సోలార్ కంపెనీ ఆసిఫాబాద్‌లోనో ఏటూరునాగారంలోనో ఏజెన్సీ పొలాన్ని పాతికేళ్ల లీజుకు తీసుకుంటానంటే చట్టం ఒప్పుకోదు. ఈ చట్టం వల్ల పెట్టుబడి రావడం లేదని వాదించేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నిజానికి సోలార్ కాలంలో ఇది ఆదివాసీ మహిళల చేతిలో ఉన్న అతి పెద్ద ఆస్తి. ఎందుకంటే అదే చట్టం ఒక దారి తెరిచి పెట్టింది. భూమిని గిరిజన వ్యక్తికి బదలాయించవచ్చు, లేదా సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరై, సభ్యులంతా గిరిజనులే అయిన సంఘానికి బదలాయించవచ్చు. సభ్యులంతా గిరిజనులే కావాలన్న ఆ షరతును గట్టిగా పట్టుకోవాలి.

చిక్కు కూడా అక్కడే ఉంది. ప్రభుత్వం సోలార్ ప్లాంట్లు ఇస్తామంటున్నది ఎక్కువగా మండల మహిళా సమాఖ్యలకు, గ్రామ సంఘాలకు. చాలా మండల సమాఖ్యలు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరయ్యాయి. 1/70లో ఉన్నది 1964 నాటి సహకార చట్టం. పైగా ఉట్నూరు, జైనూరు, ఏటూరునాగారం లాంటి మండలాల సమాఖ్యల్లో గిరిజనేతర మహిళలూ సభ్యులే. అలాంటి సమాఖ్య ఏజెన్సీ భూమిని లీజుకు తీసుకుంటే రేపు ఎవరో ఒకరు కోర్టుకెక్కవచ్చు. ఒప్పందం పాతికేళ్లది కాబట్టి మొదటి రోజే గట్టి పునాది వేసుకోవాలి. ఆదివాసీ మహిళలతోనే ప్రత్యేకంగా సహకార సంఘం రిజిస్టర్ చేయించి ప్లాంటును దాని పేరు మీద పెట్టడం శుభ్రమైన దారి. ఉట్నూరులో ఇప్పపువ్వు లడ్డూలు చేస్తున్న ఆదివాసీ మహిళల సహకార సంఘం ఉండనే ఉంది. పువ్వు ఏరడం నుంచి ప్యాకింగ్, సరఫరా, బిల్లుల దాకా వాళ్లే చూసుకుంటారు. లడ్డూకు పనికొచ్చిన పద్ధతి మెగావాట్‌కు పనికిరాదని ఎందుకనుకోవాలి?

అటవీ హక్కుల చట్టంలోనూ మహిళకు బలమైన మాటలున్నాయి. 2006 చట్టం 4(4) సెక్షన్ ప్రకారం పెళ్లయినవారి పోడు పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఉండాలి. గ్రామసభ కోరానికి సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు మహిళలుండాలి. ఇదే చట్టం 3(2) సెక్షన్‌లో ఇంకో సంగతుంది, చాలామంది కంట పడదు. బడి, అంగన్‌వాడీ, తాగునీటి పైపులైను లాంటి 13 అవసరాలకు గ్రామసభ సిఫారసుతో హెక్టారు లోపు అటవీ భూమి తీసుకోవచ్చు. ఆ జాబితాలో సంప్రదాయేతర ఇంధనం కూడా ఉంది. మెగావాట్‌కు దాదాపు 4 ఎకరాల లెక్కన చూస్తే హెక్టారు లోపు జాగాలో 500 కిలోవాట్ల ప్లాంటు పడుతుంది. ఆ సౌకర్యం ప్రభుత్వ నిర్వహణలో ఉండాలన్న షరతుంది కాబట్టి అమ్ముకునే ప్లాంటుకు ఇది సరిపోకపోవచ్చు. గూడేనికి సొంత కరెంటు, గిర్ని, నీళ్ల మోటారు, చిరుధాన్యాల మిల్లు నడుపుకోవడానికి మాత్రం అడిగి తీరాల్సిన దారి. అడగాల్సింది గ్రామసభ, అందులో ఆడవాళ్లు లేకపోతే సభే చెల్లదు.

పోడు భూముల మీద ఇప్పటికే ఓ పెద్ద పథకం నడుస్తోంది. 2025 మే 18న నల్లమలలోని మాచారంలో మొదలుపెట్టిన ఇందిర సౌర గిరి జల వికాసం కింద 12,600 కోట్లతో, అయిదేళ్లలో, 2.1 లక్షల మంది గిరిజన రైతుల 6 లక్షల ఎకరాలకు సోలార్ పంపులతో నీళ్లివ్వాలన్నది లక్ష్యం. ఉత్తర తెలంగాణ పోడు పట్టాల రైతులకు ఇంత పెద్ద ఎత్తున సోలార్ చేతికందడం ఇదే మొదలు. పట్టా ఇద్దరి పేరు మీదుంటే పంపు కూడా ఇద్దరిదే కావాలి. లబ్ధిదారుల జాబితాలో మొదటి పేరొక్కటే పడితే మాత్రం అది చాలాసార్లు భర్తదే అవుతుంది. ఆ కాలమ్‌లో రెండో పేరు చేర్చడానికి పైసా ఖర్చు లేదు.

ఆ పంపు దగ్గర ఓ ఉదయం ఎలా ఉంటుందో చూస్తే మిగతా సమస్య అర్థమవుతుంది. చేను మధ్యలో ఇనుప స్తంభం మీద పది ప్యానెళ్లు. కింద గొడుగు నీడంత జాగాలో కంట్రోలర్ డబ్బా. పొద్దెక్కింది, నీళ్లు రాలేదు, డబ్బా మీద ఎర్ర లైటు. సాధారణంగా ఏం చేస్తారు? కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తారు. మెకానిక్ జిల్లా కేంద్రం నుంచి వచ్చేసరికి మూడు రోజులో వారమో పడుతుంది, ఈలోపు మిర్చి నారు వాడిపోతుంది. ఆ లోపం చాలాసార్లు చిన్నదే: ఎలుక కొరికిన వైరు, వదులైన కనెక్టర్, ప్యానెల్ మీద పేరుకున్న దుమ్ము, కోతులు లాగేసిన కేబుల్. శిక్షణ ఉన్న మనిషైతే ముందు ప్యానెళ్ల కరెంటును తెంచే ఐసోలేటర్ స్విచ్ ఆపుతుంది. తర్వాత వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఎర్ర పుల్ల ఒకవైపు, నల్ల పుల్ల ఒకవైపు పెట్టి చూస్తుంది. పది ప్యానెళ్లు వరసగా కలిపి ఉంటే 400 వోల్టులకు పైనే చూపించాలి. నలభై యాభై తక్కువ చూపిస్తే ఒక ప్యానెల్ దగ్గరే తేడా. ఇది డీసీ కరెంటు. కరెంటు పారుతుండగా కనెక్టర్ లాగితే మంట లేస్తుంది, అందుకే స్విచ్ ఆపడం మొదటి పాఠం. పదో తరగతి చదివిన అమ్మాయి కొన్ని వారాల్లో నేర్చుకోగల విద్య ఇది. అసలు బడికే పోని మహిళలు కూడా నేర్చుకోగలరని రాజస్థాన్ తిలోనియాలోని బేర్‌ఫుట్ కాలేజీ ఎప్పుడో చూపించింది. చదువు రాని గ్రామీణ మహిళలకు ఆరు నెలల్లో రంగుల గుర్తులతో, చేతులతో చేయించి సోలార్ ఇంజనీర్లను తయారు చేసింది.

మన శిక్షణల్లో అడ్డం పడుతున్నది అర్హత. 2015లో కేంద్రం మొదలుపెట్టిన సూర్యమిత్ర శిక్షణకు పదో తరగతితో పాటు ఎలక్ట్రీషియన్, వైర్‌మన్ లాంటి ఐటీఐ ట్రేడు అడుగుతారు. ఆ ట్రేడుల్లో అమ్మాయిలే తక్కువ, ఆదివాసీ అమ్మాయిలు మరీ తక్కువ. చట్టం అడ్డం పెట్టని తలుపు దగ్గర అర్హత కాలమ్ కాపలా కాస్తోంది. తెలంగాణలో జూనియర్ లైన్‌మన్ ఉద్యోగానికి మహిళలు దరఖాస్తు చేసుకోవడానికే హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. స్తంభం ఎక్కే పరీక్షలో నెగ్గి సిద్దిపేట జిల్లా బబ్బూరి శిరీష లైన్‌ఉమన్ అయ్యారు. ప్రతి ఉద్యోగానికీ ఒక్కో శిరీష కోర్టు మెట్లెక్కాలంటే ఎన్ని తరాలు పడుతుంది?

భాష ఇంకో అడ్డంకి. గోండు మహిళ ఇంట్లో గోండీ మాట్లాడుతుంది, కోలాం మహిళ కోలామీ, కోయ మహిళ కోయ భాష. బ్యాంకులో తెలుగు. లోన్ పత్రం, విద్యుత్ కొనుగోలు ఒప్పందం ఇంగ్లిషు. అధ్యక్షురాలు, కార్యదర్శి సంతకం పెట్టేది తమకు ఒక్క ముక్క అర్థం కాని ముప్పై నలభై పేజీల మీద. లైన్ చెడి ప్లాంటు ఆగితే నష్టం ఎవరిది, బిల్లు ఆలస్యమైతే వడ్డీ ఎంత, ఒప్పందం ఎప్పుడు రద్దవుతుంది అన్న షరతులన్నీ అందులోనే ఉంటాయి. ఆ పేజీలను గోండీలో, కోయలో చదివి వినిపించి, ఆ సంగతి తీర్మానం పుస్తకంలో రాయించి, తర్వాతే సంతకాలు తీసుకోవాలి. రాతకు లిపి సమస్య ఉంటే ఆడియో చాలు. ఈ పనికి కోట్లు అక్కర్లేదు. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది, యాభై కిలోమీటర్ల దూరంలో వరంగల్ ఎన్ఐటీ ఉంది. ఒకచోట భాష తెలిసిన విద్యార్థులు, ఇంకోచోట విద్యుత్తు తెలిసిన అధ్యాపకులు. సమ్మక్క పేరు పెట్టుకున్న చదువుల గుడి నుంచి కోయ ఆడబిడ్డలు ఆశించదగ్గ మొదటి సాయం బహుశా ఇదే.

ఇక డబ్బు. ఇక్కడ తియ్యటి మాటలు నమ్మితే మునిగిపోయేది మహిళలే కాబట్టి లెక్క నిదానంగా చూడాలి. రైతుల సోలార్ కోసం కేంద్రం తెచ్చిన పీఎం కుసుమ్ పథకం కింద 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టుకోవచ్చు. తెలంగాణలో యూనిట్‌కు 3.13 రూపాయలిస్తారు. మన ఎండకు మెగావాట్ ప్లాంటు ఏటా సుమారు 15 లక్షల యూనిట్లు ఇస్తుంది, అంటే దాదాపు 47 లక్షల రాబడి. ప్లాంటుకు 3 కోట్లయిందనుకుందాం. పదో వంతు సంఘం పెట్టి 2.7 కోట్లు బ్యాంకు ఇచ్చిందనుకుందాం. పది శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే ఏటా 43 లక్షలు కిస్తీలకే పోతాయి. మిగిలిన నాలుగు లక్షల్లో కాపలా, కడగడం, ఇన్సూరెన్సు, రిపేర్లు, భూమి అద్దె అన్నీ చూసుకోవాలి. ఇన్వర్టర్ ఒక్కటి కాలిపోతే సంఘం అప్పులపాలే. అదే లోన్ పదిహేనేళ్లకు పెడితే కిస్తీ 35 లక్షలకు దిగుతుంది, పన్నెండు లక్షలు చేతిలో ఉంటాయి. లోన్ గడువు అన్న ఒక్క అంకె ఈ వ్యాపారం బతుకుతుందా చస్తుందా తేలుస్తుంది. ఆదిలాబాద్, రామగుండం ఎండలకు ఇంకో చిక్కుంది. ప్యానెల్ 25 డిగ్రీలు దాటాక వేడెక్కే ప్రతి డిగ్రీకీ 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి తగ్గుతుంది. మే నెలలో ఎండ మండిపోతోంది కాబట్టి కరెంటు దండిగా వస్తుందనుకోవడం పొరపాటు.

గాలివానలకు అడవిలో చెట్టు పడి లైను పోతే ఎండ ఎంత కాసినా ప్లాంటు ఆగిపోతుంది. కుసుమ్ ప్లాంటు వీలైనంతవరకు సబ్‌స్టేషన్‌కు 5 కిలోమీటర్ల లోపు ఉండాలన్న నిబంధన దీనికి తోడు. లోపలి గూడేలకు సబ్‌స్టేషన్ ఎక్కడిది? కాబట్టి ప్లాంట్లు మండల కేంద్రాల పక్కకే వస్తాయి, పదవులూ ఆ పక్క ఊళ్లవాళ్లకే వస్తాయి. ఆదివాసీ మహిళ అని ఒకే గంపలో వేయడం వల్ల కనపడకుండా పోయేది ఇదే. కోలాం, తోటి తెగల మహిళలు గోండు మహిళల కన్నా వెనుక నిలబడ్డారు, గుట్ట మీది గూడెం రోడ్డు పక్క గూడెం కన్నా వెనకపడింది. పాలకవర్గంలో ఈ తెగలకు చోటు రాసి పెట్టకపోతే ఈ వెనుకబాటు పాతికేళ్ల ఒప్పందంలోకి కూడా ఎక్కుతుంది.

సాధ్యమేనా అని సందేహపడేవాళ్లు రాజస్థాన్‌లోని డూంగర్‌పూర్ చూడాలి. అక్కడి ఆదివాసీ మహిళలు బాంబే ఐఐటీ తోడ్పాటుతో ముందు సోలార్ దీపాలు కూర్చడం నేర్చుకున్నారు. తర్వాత ప్యానెళ్లు తయారు చేసే కంపెనీ పెట్టుకున్నారు, వాటాదారులు వాళ్లే. కూలి నుంచి వాటాకు వచ్చిన దారి అది. సింగరేణి ప్రాంతానికి ఇంకా దగ్గరి పోలిక అమెరికాలో ఉంది. వాలియా జాన్స్ నవాహో తెగ మహిళ. ఆమె ఊరున్న బ్లాక్ మెసా పీఠభూమి మీద దశాబ్దాలు బొగ్గు తవ్వారు, ఆ బొగ్గును పైపుల్లో పంపడానికి భూగర్భ జలం తోడేశారు. ఆ కరెంటు దూరపు నగరాలకు పోయింది, నవాహో ఇళ్లు వేలల్లో చీకట్లో ఉండిపోయాయి. జాన్స్ ముందు నీళ్ల కోసం పోరాడారు. తర్వాత నేటివ్ రిన్యూవబుల్స్ సంస్థ పెట్టి, కరెంటు లేని ఇళ్లకు సోలార్ పెట్టిస్తూ, తెగ యువతకు ఆ పని నేర్పించారు. ఆపైన అమెరికా ఇంధన శాఖలో తెగల ఇంధన వ్యవహారాల విభాగానికి డైరెక్టరయ్యారు. గని పక్క ఊరి ఆడబిడ్డ విధానం రాసే కుర్చీ దాకా వెళ్లిన తోవలో పోరాటం ఉంది, పనిముట్టు పట్టడం ఉంది, సంస్థ నడపడం ఉంది. మన దగ్గర పోరాటం తెలిసిన ఆదివాసీ మహిళలకు కొదవ లేదు. తతిమ్మా రెండు మెట్లే కట్టలేదు.

డిస్కం మనిషి నెలకోసారి వచ్చి సంఘం ప్రతినిధితో కలిసి మీటర్ రీడింగ్ తీస్తాడు, ఇద్దరూ సంతకం పెడతారు. ఆ రోజు మీటర్ ముందు నిలబడేది అధ్యక్షురాలా, ఆమె భర్తా, కాంట్రాక్టరు మనిషా? సర్పంచుల విషయంలో భర్తలు కుర్చీ ఎక్కిన అనుభవం ప్రతి మండలానికీ ఉంది. రీడింగ్ మీద సభ్యురాలి సంతకమే చెల్లుతుందని, ఆ అంకెను నెలనెలా సంఘం మీటింగ్‌లో పైకి చదవాలని బైలాలో, అంటే సంఘం నియమావళిలో, రాసుకోవచ్చు.

బైలాలో రాసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. లోన్ పదిహేనేళ్లకు తీరితే ప్లాంటు ఇంకో పదేళ్లు నడుస్తుంది. ఏటా వచ్చే 47 లక్షల్లో నిర్వహణ ఖర్చు పోగా మిగిలేదంతా లాభమే. అసలు డబ్బు కనపడేది అప్పుడే, గొడవలు మొదలయ్యేదీ అప్పుడే, బయటివాళ్ల కన్ను పడేదీ అప్పుడే. ఇవాళ ముప్పై అయిదేళ్ల వయసులో సంతకం పెట్టిన మహిళకు అప్పుడు యాభై దాటుతుంది, ఇవాళ గురుకులంలో అయిదో తరగతి చదివే ఆమె కూతురు పాతికేళ్లదవుతుంది. ఆ కూతురు పెళ్లి చేసుకుని వేరే గూడెం వెళితే ఆమె వాటా ఏమవుతుంది, కోడలుగా వచ్చిన అమ్మాయికి సభ్యత్వం ఎలా వస్తుంది, సభ్యురాలు చనిపోతే వాటా కొడుక్కా కూతురికా అన్నది రిజిస్ట్రేషన్ నాడే తేల్చి రాయించుకోవాలి.